నలుగురికీ గ్రహణం చూపించాలంటే: బంతి మీద అద్దం, కాగితపు కళ్లద్దాలు చాలాకాలం వాడాక నా అనుభవం

మాది గుంటూరు. 2019 డిసెంబరు 26 సూర్యగ్రహణం దగ్గర్నుంచి నా దగ్గర రెండు సాధనాలున్నాయి. ఒకటి కొన్నది: నల్లటి ఫిల్టర్ షీటుతో చేసిన కాగితపు గ్రహణం కళ్లద్దాలు. రెండోది ఇంట్లో చేసుకున్నది: ఇసుక నింపిన ప్లాస్టిక్ బంతి, దాని మీద అంటించిన చిన్న అద్దం ముక్క. ఒక్కరు చూసుకోవడానికైతే కళ్లద్దాలు చాలు. నలుగురికీ చూపించాలంటే మాత్రం నా ఓటు బంతికే.

బంతి తయారీ చాలా తేలిక. అద్దం మీద నల్ల కాగితం అంటించి, మధ్యలో సెంటీమీటరు కన్నం వదలాలి. బంతి దొర్లకుండా కింద చుట్టకుదురు పెడితే ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. ఎండలో పెట్టి, ఆ వెలుగును గుమ్మంలోంచి చీకటి గదిలోని సున్నం గోడ మీదికి పంపాలి. గోడ దూరంగా ఉన్నకొద్దీ బొమ్మ పెద్దదవుతుంది. దూరాన్ని సుమారు 108తో భాగిస్తే సూర్యబింబం వెడల్పు వస్తుంది. పది మీటర్లకు తొమ్మిది సెంటీమీటర్లు, ఇరవై మీటర్లకు పద్దెనిమిది. కన్నం గుండ్రంగా ఉందా, పలకలుగా ఉందా అన్న పట్టింపు లేదు, దూరం చాలినంత ఉంటే గోడ మీద పడేది సూర్యుడి ఆకారమే. దగ్గర గోడ మీద పెడితే మాత్రం అంచులు అలుక్కుపోతాయి. ఐదారు మీటర్ల లోపు దీన్ని నేను వాడను.

ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఇంకొకటుంది. అద్దం సూర్యుడికి ఎదురుగా ఉండాలి, వెలుగు వెనక్కి తిరిగి ఇంట్లోకి రావాలి. అందుకే ఉదయం పట్టే గ్రహణానికి పడమటి గుమ్మం కలిసొస్తుంది, సాయంత్రం దానికి తూర్పు గుమ్మం. 2019లో గ్రహణం పొద్దున ఎనిమిది దాటాక మొదలైంది కాబట్టి పెరటి ప్రహరీ మీద బంతి పెట్టి, పెరటి గుమ్మంలోంచి హాల్లోకి వెలుగు పంపాను. 2022 అక్టోబరు 25న, దీపావళి మర్నాడు, గ్రహణం విడవకుండానే సూర్యుడు అస్తమించాడు. పంచాంగంలో గ్రస్తాస్తమయం అంటారే, అది. ఆ రోజు ఎదురింటివాళ్ల డాబా పిట్టగోడ మీదికి బంతి ఎక్కించాం. దూరం పెరగడంతో బొమ్మ జానెడు కన్నా పెద్దదైంది. వాలుపొద్దు వెలుగు చాలక కన్నం పెద్దది చేయాల్సొచ్చింది.

ఈ బంతిని నేను ఇంతగా మెచ్చుకోవడానికి అసలు కారణం మా నాయనమ్మ. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం ఆవిడకు బాగా గుర్తు. ఆ నీడ తెలంగాణ మీదుగా పోయింది, ఉస్మానియా వారి జపాల్‌-రంగాపూర్ వేధశాల సరిగ్గా ఆ దారిలోనే ఉంది. అంత గ్రహణం దగ్గర్లో పడితే ఆవిడ తలుపులు, కిటికీలు బిగించుకుని పిల్లల్ని కొంగు కింద పెట్టుకుని కూర్చుంది. ఊరంతా అలాగే కూర్చుందట. 2019లో కూడా ఆవిడ వాకిట్లోకి రానంది. పచ్చడి జాడీల మీద దర్భలు వేసుకుని, మంచం మీదే ఉండిపోయింది. ఆ గది గోడ మీదికే వెలుగు తిప్పాను. కొడవలిలా వంగిన సూర్యుడు గోడ మీద మెల్లగా జరుగుతుంటే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇదేనట్రా, ఇన్నాళ్లూ నేను చూడంది?" అంది. పక్కింటి అమ్మాయికి అప్పుడు ఏడో నెల. అత్తగారు బయటికి పంపనంటే ఆ అమ్మాయి కూడా మా హాల్లో కూర్చునే చివరి దాకా చూసింది. కళ్లద్దాలు వీళ్లిద్దరికీ ఎందుకూ పనికిరావు, అవి పెట్టుకోవాలంటే ఎండలోకి రావాలిగా. వాదించి ఎవర్నీ వాకిట్లోకి లాక్కురావాల్సిన పనిలేదు, సూర్యుణ్ణే ఇంట్లోకి తీసుకురావచ్చు.

అందరూ ఒకే బొమ్మను ఒకేసారి చూడటం రెండో లాభం. కళ్లద్దాలైతే చేతులు మారుతుంటాయి, ఒకరు చూసి చెప్పేసరికి ఇంకొకరి వంతు. గోడ దగ్గరైతే పిల్లలు పెన్సిలు పట్టుకుని అంచులు గీస్తారు, పది నిమిషాల తర్వాత పక్కనే మళ్లీ గీస్తారు, చంద్రుడు ఎంత జరిగాడో వాళ్లకే తెలిసిపోతుంది. 2020 జూన్ 21న కరోనా వల్ల ఒకరి కళ్లద్దాలు ఇంకొకరు ముట్టుకునే పరిస్థితి లేదు. అప్పుడు దీని విలువ ఇంకా బాగా తెలిసింది. ఆ రోజు సూర్యుడు నడినెత్తికి వచ్చాడు, వేపచెట్టు కిందా ఆకుల సందుల్లోంచి నేలంతా చిన్న చిన్న నెలవంకలే. బూందీ గరిటె పట్టుకున్నా అదే కనిపించింది.

ఇక ఇబ్బందులు. భూమి తిరుగుతూనే ఉంటుంది కాబట్టి రెండు నిమిషాల్లో బొమ్మ తన వెడల్పంత పక్కకు జరిగిపోతుంది. బంతి దగ్గర ఒకరు కూర్చుని సర్దుతూనే ఉండాలి, ఆ మనిషి గోడ మీది బొమ్మను చూసేది తక్కువ. రెండోది ప్రమాదం: గదిలోంచి అద్దం వైపు చూస్తే అది సూర్యుణ్ణి చూసినట్టే. అందుకే వెలుగు దారి పిల్లల తలల పైనుంచి పోయేలా పెడతాను. కుదరకపోతే దారికి అటూ ఇటూ కుర్చీలు అడ్డం వేస్తాను. ఈ ఒక్క విషయంలో ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

కళ్లద్దాల సంగతి. వీటిలో సూర్యుడి అంచు కత్తితో కోసినంత స్పష్టంగా కనిపిస్తుంది, గోడ మీద ఎప్పటికీ అంత స్పష్టత రాదు. కొనేటప్పుడు ఐఎస్‌ఓ 12312-2 (సూర్యుణ్ణి చూసే ఫిల్టర్లకు అంతర్జాతీయ భద్రతా ప్రమాణం) అని ఉందో లేదో చూడాలి, కానీ ముద్ర ఒక్కటే నమ్మకూడదు. పెట్టుకుంటే ఇంట్లో బల్బులు, గోడలు, మనుషులు ఏమీ కనిపించకూడదు. నేను ప్రతిసారీ ఫోన్ టార్చి ముందు పట్టి గీతలు, సూదికన్నాలు ఉన్నాయేమో వెతుకుతాను. ఒక జతకు మడత దగ్గర షీటు చిట్లింది, కత్తిరించి పారేశాను. మిగతావి పుస్తకం మధ్య కవరులో పెట్టినందుకు ఇప్పటికీ బాగున్నాయి. వీటిని పెట్టుకుని బైనాక్యులర్‌లోంచి మాత్రం చూడకూడదు, ఆ వేడికి షీటు కాలి కన్ను పోతుంది. ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టించిన గాజుముక్కలు, పళ్లెంలో పసుపు నీళ్లు మా ఇంట్లో మానేశాం. నీళ్లలో ప్రతిబింబం మెత్తగా కనిపించినా కంటికి ఎక్కువే.

ఇవి గ్రహణానికే పరిమితం కూడా కాదు. 2024 మే నెలలో సూర్యుడి మీద ఒక పెద్ద మచ్చల గుంపు వచ్చింది. ఈ కళ్లద్దాలతోనే, ఏ దుర్భిణీ లేకుండా, చిన్న నల్ల చుక్కలా కనిపించింది.

సంపూర్ణ గ్రహణం దగ్గర మాత్రం రెండూ ఓడిపోతాయి. 2024 ఏప్రిల్ 8న డల్లాస్‌లో ఉన్న మా పిన్ని కూతురు వీడియో కాల్ చేసింది. మనకు అప్పటికి అర్ధరాత్రి దాటి ఉగాది వచ్చేసింది. సూర్యుడు పూర్తిగా మునిగిన ఆ మూడున్నర నిమిషాల పైచిలుకు సమయంలో కళ్లద్దాల్లోంచి వట్టి చీకటే. తీసేస్తేనే సూర్యుడి చుట్టూ ఉండే పలుచని తెల్లటి వెలుగు, అదే సూర్యుడి కరోనా, కనిపిస్తుంది, మొదటి వెలుగు చుక్క మెరవగానే మళ్లీ పెట్టుకోవాలి. తను ఫోను అక్కడే వదిలేసి పైకే చూస్తుండిపోయింది, మాకు చుట్టుపక్కల జనం కేకలు మాత్రం వినిపించాయి.

పిల్లలకు బొమ్మ చూపిస్తున్నప్పుడు మా ఊరి కథ కూడా చెబుతుంటాను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ గ్రహణం చూడటానికి ఫ్రాన్స్ నుంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరే వచ్చాడు. బందరులో మద్రాసు వేధశాల ఖగోళ శాస్త్రవేత్త పోగ్సన్ చూశాడు. సూర్యుడి అంచున ఎగిసే జ్వాలల్ని గ్రహణం లేకుండానే వర్ణపట దర్శినితో (వెలుగును రంగులుగా విడదీసే పరికరం) చూడొచ్చని జాన్సెన్ కనిపెట్టి, మర్నాడు ఇక్కడే చూసి చూపించాడు. ఆ వెలుగులో దొరికిన పసుపు గీతే తర్వాత హీలియం అయింది. ఈ మాట చెప్పాక పిల్లలు గోడ మీది బొమ్మను చూసే చూపు మారుతుంది, ప్రశ్నలు ఆగవు.

2027 ఆగస్టు 2 గ్రహణం ఈజిప్టులోని లక్సర్ దగ్గర ఆరు నిమిషాలు దాటి సంపూర్ణంగా ఉంటుంది, మన దేశంలో పాక్షికం, అదీ వానాకాలంలో. 2031 మే 21న కేరళ, తమిళనాడు మీదుగా కంకణ గ్రహణం. దానికి బంతిని సంచిలో పెట్టుకుని మధురై వైపు వెళ్లాలని ఉంది. ఇసుక అక్కడే నింపుకోవచ్చు, అద్దం మాత్రం రెండు ముక్కలు పట్టుకెళ్తాను.