అంచు మింగిన అంకె: మా యూనివర్సిటీ లైబ్రరీ స్కాన్ సేవ, ఏడాది వాడాక

నిరుడు వసంతంలో మా యూనివర్సిటీ లైబ్రరీ ఒకేసారి చాలా మొదలుపెట్టింది. ఉగాది కవి సమ్మేళనం, ఏప్రిల్ 23 ప్రపంచ పుస్తక దినోత్సవానికి పుస్తక ప్రదర్శన, పరీక్షల కాలంలో రాత్రి కూడా తెరిచి ఉండే రీడింగ్ రూమ్, ఆన్‌లైన్ జర్నల్స్ వాడకం మీద తరగతులు. ఆ బ్రోషర్ అందరి వాట్సాప్‌కీ వచ్చింది కాబట్టి వాటి వివరాలు మళ్లీ రాయను. నేను రాసేది దాని చిట్టచివర ఒక్క వాక్యంలో ఉన్న సేవ గురించి. ఇంటికి ఇవ్వని రిఫరెన్స్ పుస్తకాల్లో మనకు కావలసిన పేజీలు అడిగితే, స్కాన్ చేసి మెయిల్‌కు పంపిస్తారు. విశ్వావసు ఉగాది నుంచి మొన్నటి పరాభవ ఉగాది దాకా దీన్ని వాడుతూనే ఉన్నాను. ఏడాదంతా ఎంత ఇష్టపడ్డానో, ఈ మార్చిలో అంత కోపం తెప్పించింది.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఇంత చిన్న సేవకు ఇంత గొడవేమిటని అనిపిస్తుంది. నేను ఉదయగిరి వైపు ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నాను. విజయనగర కాలంలో ఈ ప్రాంతపు చెరువులకు సంబంధించిన దశబంధ మాన్యాలు నా అంశం. చెరువు కట్టించినవాళ్లకో, దాని మరమ్మతు చూసుకునేవాళ్లకో ఆ చెరువు కింద భూమినో పంటలో భాగాన్నో వదిలిపెట్టే పద్ధతి అది. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి 1905లో అచ్చువేయించిన నెల్లూరు జిల్లా శాసనాల మూడు సంపుటాలు లేకుండా ఈ పని ఒక్క అడుగు కదలదు. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో కదా, అందుకని ఒంగోలు, కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి శాసనాలు కూడా వాటిలోనే ఉన్నాయి. మా లైబ్రరీలో ఉన్నది పునర్ముద్రణ ప్రతి. లావు పుస్తకం, కుట్టు బిగువు. చదువుకోవాలంటే అక్కడే కూర్చోవాలి. మా వైపు నుంచి లైబ్రరీకి పోయి రావడమంటే బస్సుల్లోనే రోజు గడిచిపోతుంది. ఒక్క పేజీ చూడటానికి ఒక సెలవు పెట్టాలి.

నెట్‌లో పాత పుస్తకాలన్నీ దొరుకుతాయి కదా అనొచ్చు. ఈ సంపుటాలూ దొరుకుతాయి. కాని నాకు దొరికిన స్కాన్‌లో సరిగ్గా అంకెల దగ్గరే మసక. 3 అనుకుంటే 8, 1 అనుకుంటే 7. శాసనాల పనిలో అంకె అనుమానంగా ఉంటే ఆ శాసనాన్ని పక్కన పెట్టేయాల్సిందే.

అందుకే నిరుడు వేసవిలో లైబ్రరీ నుంచి వచ్చిన మొదటి పీడీఎఫ్ తెరిచినప్పుడు నాకు పట్టరాని సంతోషం వేసింది. అక్షరం అక్షరం విడివిడిగా కనిపించింది. పైగా మెయిల్‌లో రెండు మాటలు: "మేడమ్, మీరు రాసిన పేజీతో శాసనం అయిపోలేదు, తర్వాతి పేజీలో కొన్ని వరుసలు ఉన్నాయి. అది కూడా పెట్టాను." అడగని పేజీ పంపారంటే, పంపేవాళ్లు చదివి పంపుతున్నారన్నమాట. అది నాకు పెద్ద విషయం.

తర్వాత ఒకసారి లైబ్రరీకి పోయినప్పుడు ఆ పని ఎలా చేస్తారో పక్కన నిలబడి చూశాను. పుస్తకాన్ని బోర్లా వేసి నొక్కే జిరాక్స్ మిషన్ కాదు, పైనుంచి కెమెరాతో తీసే స్కానర్. పుస్తకం పూర్తిగా విప్పి పెట్టరు, కుట్టు తెగుతుందని రెండు పక్కలా ఏటవాలుగా ఆనించి పెడతారు. ఆ పని చూసే లైబ్రరీ అసిస్టెంట్ ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలుతో కుట్టు దగ్గర కాగితాన్ని మెల్లగా అదిమి, బటన్ నొక్కి, తర్వాతి పేజీకి పోకుండా ముందు మానిటర్ మీద ఆ లోపలి అంచునే పెద్దది చేసి చూస్తారు. ఒక్క అక్షరం వంగినా మళ్లీ తీస్తారు. పేజీకి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆవిడకు ఆ పని నేర్పినవాళ్లెవరో నాకు తెలియదు గానీ, వాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది. అప్పుడే మా స్కాలర్ల గ్రూపులో "ఉన్న ఊళ్లో కూర్చుంటే లైబ్రరీ మొత్తం చేతికొస్తోంది" అని రాశాను. చాలామంది ఆ మాట చూసే వాడటం మొదలుపెట్టారు.

ఇక మార్చి సంగతి. ఒంటిపూట బడులు, పదో తరగతి పరీక్షల డ్యూటీలు, వీటి మధ్యలో నెలాఖరుకు నా రీసెర్చ్ కమిటీ ముందు ఒక పట్టిక పెట్టాలి. ఏ ఊరి చెరువు, ఏ సంవత్సరం, ఎంత మాన్యం, ఎవరికి. కొన్ని శాసనాల పేజీలు ఇంకా సరిచూసుకోవాల్సి ఉంది. ఫామ్ నింపి పంపాను. ఎప్పుడూ రెండు రోజులు పట్టేది, ఈసారి మర్నాటికే వచ్చేసింది. రాత్రి అన్నాలయ్యాక లాప్‌టాప్ తెరిచాను.

ఎడమ పేజీల్లో ప్రతి వరుస చివరా నల్లటి నీడ. కుడి పేజీల్లో ప్రతి వరుస మొదలూ అంతే. కాగితం కుట్టు లోపలికి వంగిన చోట అక్షరాలు ముందు సన్నబడి, పక్కకు ఒరిగి, ఆ నలుపులోకి పోయాయి. నాకు అన్నిటికంటే ముఖ్యమైన శాసనంలో శక సంవత్సరం వరుస చివర పడింది. 143 దాకా కనిపిస్తోంది. ఆ తర్వాతి అంకె లేదు. పెద్దది చేసి చూశాను, వెలుతురు పెంచి చూశాను. లేని అంకె ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక్కడ మన పాత లెక్క ఆదుకుంది. శాసనం రాసేవాళ్లు శక సంవత్సరంతో పాటు ప్రభవ, విభవ అని మొదలయ్యే అరవైలో ఆ ఏడాది పేరూ చెక్కుతారు. ఇందులో యువ అని ఉంది. యువ సంవత్సరం అరవై ఏళ్లకు ఒక్కసారే వస్తుంది కాబట్టి 1430 నుంచి 1439 లోపు ఒక్కటే ఉండగలదు, అది 1437. అంటే క్రీస్తు శకం 1515, కృష్ణదేవరాయలు కొండవీడు పట్టిన ఏడాది. అంతకుముందు ఏడాదే మా ఉదయగిరి దుర్గం ఆయన చేతికి వచ్చింది. కోట మారిన మరుసటి ఏడాదే ఒక పల్లె చెరువుకు మాన్యం ఇస్తున్నారంటే నా వ్యాసానికి అది ఎంత విలువైన ఆధారమో చెప్పలేను. పండగ పంచాంగం కోసమే అనుకునే ఆ అరవై పేర్లు పరిశోధనలో ఇలా ప్రాణం నిలబెడతాయి.

కాని అదే పేజీలో మాన్యం భూమి కొలత కూడా అంచులోనే పడింది. ఎన్ని తూముల భూమో చెప్పే అంకెలో ఒకటి కనిపిస్తోంది, దాని పక్కన ఇంకోటి ఉందో లేదో తెలియదు. సంవత్సరానికైతే పేరు ఉంది, తూములకు ఏ పేరూ ఉండదు కదా. ఒక అంకెకూ రెండు అంకెలకూ తేడా ఎంత? ఒక చిన్న ఇనాముకూ, ఊరి సాగులో పెద్ద భాగానికీ ఉన్నంత.

పొద్దున్నే ఫోన్ చేశాను. ఆ అసిస్టెంటే ఎత్తారు. నేను చెప్పగానే ఆవిడ గొంతులో బాధ తెలిసింది. "అయ్యో, అది నేను తీయలేదు మేడమ్. పది రోజుల నుంచి నన్ను ఉగాది సభ పనుల్లో వేశారు. ఆహ్వానాలు, కుర్చీలు, శాలువాలు, ఆ తర్వాత ఎగ్జిబిషన్ పనులు కూడా నాకే అన్నారు. స్కాన్ రిక్వెస్టులు పిల్లలకు అప్పజెప్పారు. ఆ గది తాళం నా దగ్గరే ఉండిపోయింది, వాళ్లు జిరాక్స్ మిషన్ మీద లాగేసినట్టున్నారు. పండగ కాంగానే తీసి పంపిస్తా."

పండగ అయ్యాక కూడా వెంటనే రాలేదు. ఈలోగా కమిటీ మీటింగ్ వచ్చింది. పట్టికలో ఆ ఊరి ఎదురుగా భూమి గడి ఖాళీగా పెట్టి, "మూలంతో సరిచూడాలి" అని రాసుకుని పోయాను. ఒక సభ్యుడు సరిగ్గా దాని మీదే వేలు పెట్టి అడిగారు. చెరువుల మాన్యాల మీద పనిచేసేవాళ్లు మాన్యం ఎంతో చెప్పకపోతే ఎలా అన్నారు. ఆయన అడగడంలో తప్పు లేదు. ఆ రోజు నా టెన్షన్ ఇంకొకరికి చెప్పేది కాదు. మీటింగ్ అయిపోయాక కొన్నాళ్లకు, ఎప్పటిలాగే శుభ్రంగా, ఆవిడ చేత్తో తీసిన పేజీలు వచ్చాయి. సంవత్సరం 1437 నిజమే. తూముల దగ్గర రెండో అంకె ఉంది.

పిల్లలను నేనేమీ అనను. వాళ్లకు ఆ పేజీ ఒక పేజీ, అంతే. లోపలి అంచు చూడాలని ఎవరూ చెప్పి ఉండరు. నా కోపమంతా, ఒక మనిషి శ్రద్ధ మీద నడుస్తున్న సేవ నుంచి ఆ మనిషినే తీసి సభ పనిలో పెట్టినవాళ్ల మీద. కవి సమ్మేళనం వద్దని నేను అనను. తిక్కన పుట్టిన సీమలో ఉగాదికి పద్యం వినపడకపోతే అది ఉగాది ఎలా అవుతుంది? నిరుడు నేనూ కూర్చుని విన్నాను, పచ్చడి తిన్నాను, పొద్దుగూకే దాకా కదలబుద్ధి కాలేదు. కాని సభకు ఫొటోలు ఉంటాయి, నివేదికలో అతికించుకోవచ్చు. ఉదయగిరి వైపు ఒక ఇంట్లో ఒక టీచర్ ల్యాప్‌టాప్‌లో ఒక అంకె స్పష్టంగా కనపడటానికి ఫొటో ఉండదు. లైబ్రరీ వాకిట్లో గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారి ఐదు సూత్రాలు పెద్ద బోర్డు మీద రాసి పెట్టారు. 1931లో ఆయన చెప్పిన వాటిలో నాలుగోది, పాఠకుడి సమయం ఆదా చేయమని. మర్నాటికే వచ్చిన పీడీఎఫ్ నా సమయం ఏమీ ఆదా చేయలేదు, ఒక నెల తినేసింది.

మిగతా కొత్త సేవల మీద నా దగ్గర చెప్పడానికి ఎక్కువ లేదు. రాత్రి రీడింగ్ రూమ్ హాస్టల్ పిల్లలకు వరం, ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు ఆఖరి బస్సు సంగతి చూసుకోవాలి. 2025 జనవరిలో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ జర్నల్స్ పథకం, వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ మీద పెట్టిన తరగతికి పోయాను. దాదాపు 13,000 జర్నల్స్ చదువుకోవచ్చంటే సైన్స్ స్కాలర్లు పండగ చేసుకున్నారు. నాకు కావలసినవి చాలావరకు పాత అచ్చు పుస్తకాలు, వాటికి ఆ పథకం దారి కాదు. పాత పత్రికలు చూడాల్సి వస్తే నేను ఇప్పటికీ చీరాల పక్కన వేటపాలెం సారస్వత నికేతనానికే పోతాను. 1918లో పెట్టిన గ్రంథాలయం అది. అక్కడ కాగితం చేత్తో తిప్పి, కళ్లతో చూసి రాసుకుంటాను, మధ్యలో ఏ మిషనూ ఉండదు. కాని వేసవి సెలవుల్లో తప్ప అంత దూరం నా వల్ల కాదు.

కాబట్టి నిరుడు గ్రూపులో రాసిన మాట వెనక్కి తీసుకోను గానీ, కొంచెం తగ్గించి రాస్తాను. లైబ్రరీ మొత్తం చేతికి రాలేదు. ఒక మనిషి నిలబడి చూసి పంపినన్ని పేజీలు వచ్చాయి. అవి మాత్రం మొదటి రకం.

మీరు క్యాంపస్‌లోనే ఉంటే ఈ సేవ అవసరం లేదు, పోయి పుస్తకం తెరవండి. పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయం కావాలంటే ఎవరు తీసినా సరిపోతుంది, అంచులో రెండక్షరాలు పోయినా వాక్యం అర్థమవుతుంది. పట్టికలు, శాసనాలు, సర్వే లెక్కలు, అంకెలతో పని ఉన్నవాళ్లు మాత్రం ఫిబ్రవరిలోపే అడిగిపెట్టుకోండి, లేదా ఏప్రిల్ 23 ప్రదర్శన దాటాక అడగండి. ఫామ్ చివర "ఇతర వివరాలు" అనే గడి ఉంటుంది. అందులో "పైనుంచి తీసే స్కానర్ మీదే తీయగలరు, కుట్టు వైపు అంచు చూసి పంపగలరు" అని రాస్తే ఎవరి చేతికి పోయినా ఒకసారి చూస్తారు. నేను ఇప్పుడు అలాగే రాస్తున్నాను, ఇప్పటిదాకా పేజీలు బాగానే వస్తున్నాయి. వచ్చే ఉగాదికి కూడా ఇలాగే వస్తాయా అంటే, ఆవిడను ఏ పనిలో వేస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. స్కానర్ గది పని ఇంకొకరికి కూడా నేర్పించమని లైబ్రేరియన్ గారికి ఒక ఉత్తరం రాసి ఇచ్చాను. చూస్తామన్నారు.