దేవదాసు పక్కన ఏది మేలు: కుక్కా, దీపమా?

మొన్న మా ఫ్రెండొకడికి కుదిరిందనుకున్న సంబంధం తప్పిపోయింది. వారం గడ్డంతో తిరుపతి బస్టాండు దగ్గరి టీ కొట్టుకి వచ్చాడు. కొట్టాయన గ్లాసు అందిస్తూ వాణ్ని ఎగాదిగా చూసి, "ఏమబ్బా, కుక్క ఒగటే తక్కువ" అన్నాడు. సినిమా పేరు ఎవరూ ఎత్తలేదు. అందరూ నవ్వారు, వాడితో సహా.

బెంగాలీ రచయిత శరత్‌చంద్ర రాసిన దేవదాసు నవల 1917లో అచ్చయింది. దాంట్లో ఆ కుక్క లేదు. 1953లో వేదాంతం రాఘవయ్య తీసిన తెలుగు సినిమాలో అక్కినేని పక్కన చేరింది. 2002లో భన్సాలీ తీసిన హిందీ సినిమాలో పారో, అంటే దేవదాసు ప్రేమించిన పార్వతి, ఆరకుండా కాపాడుకునే దీపం కూడా నవలలో లేనిదే. రెండూ సినిమావాళ్లు కలిపినవే కాబట్టి పోటీ సమానమే.

దీపానికి బలం లేకపోలేదు. చివర్లో పారో అత్తింటి గేటు మూసుకుంటుంది, దీపం ఆరిపోతుంది. భాష రానివాడికి కూడా కథ అయిపోయిందని తెలుస్తుంది. కానీ అది మొదటి నుంచీ తన అర్థం తానే చెప్పుకుంటుంది. ఫలానా వాడి కోసం వెలుగుతోందని మనకు ముందే తెలుసు, ఇక ఊహించడానికి ఏం మిగిలింది? పైగా నవలలో పార్వతి ఎదురుచూస్తూ కూర్చునే రకం కాదు. అర్ధరాత్రి ఒంటరిగా దేవదాసు గదికి నడిచి వెళ్లిన పిల్ల. అలాంటిదాని చేతిలో దీపం పెడితే అందం వచ్చింది, తెగువ పోయింది.

ఆ దెబ్బ విషయమూ అంతే. నవలలో దేవదాసు పార్వతి నుదుటి మీద కొట్టేది చేపలు పట్టే గాలం కర్రతో. భన్సాలీ దగ్గర అది హారం అయింది. కర్ర దెబ్బ చూస్తే ఒళ్లు మండుతుంది. హారం దెబ్బలో ముందు హారమే కనబడుతుంది!

కుక్క మాత్రం ఏమీ చెప్పదు. అక్కినేని కళ్లు మత్తుగా కనబడాలని తాగే సీన్లు రాత్రిళ్లు తీశారట. ఆ వాలిన కళ్లు, శాలువా, పక్కన కుక్క. మనుషులంతా దూరమైనవాణ్ని వదలనిది అదొక్కటే అని 'జగమే మాయ' పాటలో ఎక్కడా లేదు. అది మనం అనుకున్నదే. నా ఓటు కుక్కకే. అయితే అది ఫ్రేములో ఉన్నంతసేపూ మన జాలంతా దేవదాసు మీదికే పోతుంది, పార్వతి గుర్తుకు రాదు. ఆ లోటు దీపానికి లేదు, ఒప్పుకోవాలి.

మా అవ్వది చిత్తూరు పక్క పల్లె. రెండు సినిమాలూ నా పక్కన కూర్చునే టీవీలో చూసింది. కార్తీకంలో గాలికి అరచెయ్యి అడ్డం పెట్టి దీపాలు వెలిగించే మనిషి కదా, పారో దీపం చూసి, "ఇన్నేండ్లు ఆరకుండానా? నూనె ఎవురు పోస్తా ఉండారు నాయనా?" అంది. నేను పడీ పడీ నవ్వాను.

తెలుగు దేవదాసు అయిపోయాక మాత్రం కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి కొంగు సర్దుకుంటూ అడిగింది: "ఆ కుక్కకి ఇంక అన్నం ఎవురు పెడతారు?"