జాగ్రత్త: వీ8 ఇంజన్ వేసిన పాత ఎంజీబీ కొనేముందు కారు కింద కూడా చూడండి

ఇంగ్లండ్‌లో స్థిరపడి, పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఒకటి కొనుక్కోవాలని ఏళ్ల తరబడి డబ్బు కూడబెట్టుకుంటున్న తెలుగువాళ్లు నా మిత్రుల్లోనే నలుగురైదుగురు ఉన్నారు. వారికీ, వారిలాంటి ఇతరులకూ నా అనుభవం ముందుగా తెలియాలని ఇది రాస్తున్నాను. గత ఏడాది ఏప్రిల్‌లో నేను ఒక వ్యక్తి దగ్గర 16,500 పౌండ్లు చెల్లించి 1971 నాటి క్రోమ్ బంపర్ల ఎంజీబీ రోడ్‌స్టర్ (ఎంజీ కంపెనీ చేసిన, పైకప్పు తెరుచుకునే స్పోర్ట్స్ కారు) కొన్నాను. అసలు ఇంజన్ తీసేసి రోవర్ కంపెనీ 3.5 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) వేశామనీ, పని అంతా ఫ్యాక్టరీ ప్రమాణాలతో జరిగిందనీ ప్రకటనలో ఉంది. ఆ వాక్యంలో కారుకు వీ8 ఉందన్న మాట తప్ప మరేదీ నిజం కాదని తెలుసుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. ఈ ఇంజన్ మార్పిడి మీద నాకు ఏ వ్యతిరేకతా లేదు. రోవర్ వీ8 పుట్టుకతో అమెరికాది; 1961లో బ్యూయిక్ కార్లలో వచ్చిన అల్యూమినియం ఇంజన్ హక్కులను రోవర్ కొనుక్కుని, 1967లో తన పీ5బీ కారులో ప్రవేశపెట్టింది. అల్యూమినియంతో చేసినది కనుక, ఎనిమిది సిలిండర్లున్నా, ఎంజీబీలోని ఇనుప నాలుగు సిలిండర్ల ఇంజన్ కంటే పెద్దగా బరువుండదు. కెన్ కోస్టెల్లో అనే ఆయన 1970ల మొదట్లోనే ఈ ఇంజన్ వేసిన ఎంజీబీలు చేసి అమ్మాడు. ఆ తర్వాత 1973లో ఎంజీ కంపెనీయే ఎంజీబీ జీటీ వీ8 తెచ్చి, 1976 వరకు 2,591 కార్లు తయారు చేసింది. అయితే అవన్నీ పైకప్పు ఉన్న జీటీలే. ఆ దశాబ్దంలో వీ8 రోడ్‌స్టర్‌ను కంపెనీ అమ్మకానికి పెట్టలేదు, 1990లలో ఆర్‌వీ8 వచ్చేదాకా కొనేవారికి కంపెనీ నుంచి అది దొరకలేదు. కాబట్టి 1971 రోడ్‌స్టర్‌కు ‘ఫ్యాక్టరీ ప్రమాణాలు’ అని ఎవరైనా రాస్తే, ఏ ఫ్యాక్టరీ, ఏ ప్రమాణం అని అక్కడికక్కడే అడగాలి. నేను అడగలేదు.

చూడటానికి వెళ్లిన రోజు ఉదయం బాగా చలిగా ఉంది. ఖాళీ రోడ్డు మీద ఇరవై నిమిషాలు నడిపాను. ఆ ఇంజన్ గొంతు విన్న తర్వాత మరేదీ పరీక్షించాలనిపించలేదు. జూన్‌లో డెర్బీషైర్‌లోని స్నేక్ పాస్ అనే కొండదారి దిగుతున్నప్పుడు, పక్క సీట్లో నా భార్య ఉండగా, బ్రేక్ పెడల్ మెత్తబడి మునుపటికంటే లోతుగా దిగిపోవడం మొదలైంది. గేర్లు తగ్గించుకుంటూ ఎలాగో రోడ్డు పక్కన ఆపగలిగాను. ఆ తర్వాత వారానికే ట్రాఫిక్‌లో పది నిమిషాలు నిలబడితే ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీత దాటింది, స్టీరింగ్ ఎడమవైపు పూర్తిగా తిప్పితే ఏదో గీసుకుంటున్న చప్పుడు వచ్చింది.

ఈ కార్ల పని తెలిసిన ఒక మెకానిక్ దానిని ర్యాంప్ మీదికి ఎత్తి చూపించినప్పుడు నాకు నోట మాట రాలేదు. ముందు బ్రేకులు పాత 1,798 సీసీ కారువే. కంపెనీ తన జీటీ వీ8కు మందమైన డిస్కులు, పెద్ద క్యాలిపర్లు (డిస్కును బిగించి పట్టే భాగాలు) వేసింది, ఇక్కడ ఏమీ మార్చలేదు. పాత ఇంజన్ టార్క్ (తిప్పే బలం) దాదాపు 110 పౌండ్ అడుగులైతే, కంపెనీ వేసిన వీ8ది 193. ఆ తేడానంతా మోయవలసిన గేర్‌బాక్సూ పాతదే. వెనక యాక్సిల్ నిష్పత్తిని (చక్రం ఒకసారి తిరగడానికి గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్ట్ ఎన్నిసార్లు తిరగాలో చెప్పే అంకెను) కంపెనీ 3.9 నుంచి 3.07కు తగ్గించింది, ఈ కారులో మాత్రం 3.9 అలాగే వదిలేశారు. అందుకే ఓవర్‌డ్రైవ్ (ఎక్కువ వేగంలో ఇంజన్ చుట్లు తగ్గించే అదనపు గేరు) లేని ఈ కారు ఇంజన్ 70 మైళ్ల వేగంలో నిమిషానికి దాదాపు 3,900 చుట్లు తిరుగుతూ అరిచేది.

ఇవన్నీ డబ్బుతో సరిదిద్దుకోగల లోపాలు. నన్ను నిజంగా భయపెట్టింది బాడీకి చేసిన పని. 1974 చివర్లో రబ్బరు బంపర్లు వచ్చినప్పటి నుంచి ఎంజీబీ ఇంజన్ గది వీ8కు అనువుగా ఉంటుంది కానీ, అంతకుముందు వచ్చిన క్రోమ్ బంపర్ల కార్లలో లోపలి రేకులను, స్టీరింగ్ షాఫ్ట్ దారిని జాగ్రత్తగా సవరించనిదే అది సరిగా ఇమడదు. ఇక్కడ పక్క గోడల రేకును ఎగ్జాస్ట్ కోసం కోసేసి, కోసిన అంచుకు బలం కోసం చిన్న పట్టీ అయినా వేయకుండా నల్ల రంగు పూశారు. ఇంజన్ మౌంట్ వెల్డింగ్ దగ్గర వెంట్రుకంత బీట ఉంది. స్టీరింగ్ జాయింట్‌కూ కాలిపోయేంత వేడిగా ఉండే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కూ (ఇంజన్ పొగను బయటికి తీసుకెళ్లే గొట్టాలకూ) మధ్య వేలు కూడా దూరదు, బ్రేక్ పైపు అదే వేడి పక్క నుంచి వెళ్తోంది. ఇతరుల ప్రాణాలతో ముడిపడిన చోట ఇలాంటి పని చేసి, ఆపైన మెరిసే క్రోమ్ మూతలు బిగించి అమ్మడాన్ని నేను నిర్లక్ష్యం అని సరిపెట్టుకోలేను.

కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) ఎక్కడికి పోతోందో తెలియక సిలిండర్ హెడ్ తీయిస్తే, బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 94 మిల్లీమీటర్లు తేలింది. 3.5 ఇంజన్‌కు ఉండవలసింది 88.9. అంటే అది 3.5 కాదు, తర్వాతి కాలపు రేంజ్ రోవర్లలో వచ్చిన పెద్ద బోర్ ఇంజన్లలో ఒకటి. బోర్ పెంచిన ఈ బ్లాకులు బాగా వేడెక్కితే లైనర్ల (సిలిండర్ లోపలి తొడుగుల) వెనక పగుళ్లు వచ్చి కూలెంట్ కారడం వాటి పని చేసేవారికి బాగా తెలిసిన జబ్బు. నా ఇంజన్‌కు పట్టుకున్నదీ అదే.

కాగితాల సంగతి ఇంతకంటే మేలు కాదు. లాగ్‌బుక్‌లో (కారు రిజిస్ట్రేషన్ పత్రంలో) ఇప్పటికీ 1,798 సీసీ అనే ఉంది. ఇంజన్ మార్చినప్పుడు డీవీఎల్ఏకు (వాహనాల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థకు) తెలియజేయవలసిన మార్పును ఎవరూ తెలియజేయలేదు. అమ్మిన వ్యక్తి మాట నమ్మి బీమా సంస్థకు నేను 3.5 అని రాసిచ్చాను. బీమా సంస్థ అడిగినప్పుడు తప్పుడు వివరం ఇవ్వకుండా తగిన జాగ్రత్త తీసుకోవలసిన బాధ్యత 2012 నాటి బీమా చట్టం ప్రకారం బీమా తీసుకునేవారిదే కనుక, ఆ నెలల్లో ప్రమాదమేదైనా జరిగి ఉంటే నా పరిస్థితి ఏమయ్యేదో ఊహించుకోవడం కూడా ఇష్టం లేదు.

‘నలభై ఏళ్లు దాటింది, ఎంఓటీ అక్కర్లేదు’ అని అమ్మిన వ్యక్తి ఎంతో ఉత్సాహంగా చెప్పాడు. ఎంఓటీ అంటే కారు రోడ్డు మీద నడపడానికి సురక్షితమేనా అని ఏటా చేసే తనిఖీ. అక్కర్లేదు అన్న ఆ మాటే ఇలాంటి పనిని దాచిపెడుతుంది. మినహాయింపు ఉన్న కారునైనా కోరి ఎంఓటీ చేయించుకోవచ్చు. గరిష్ఠ రుసుము 54.85 పౌండ్లు. డబ్బు చెల్లించే ముందే దానికి ఒప్పుకోమని అడగండి, ఒప్పుకోకపోతే తిరిగి వచ్చేయండి. పాత ఎంఓటీ చరిత్ర రిజిస్ట్రేషన్ నంబరుతో ప్రభుత్వ సైట్లో ఉచితంగానే దొరుకుతుంది. కారును చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి, ఊళ్లో నెమ్మదిగా కనీసం ముప్పావు గంట నడిపి, వేడి మీద స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. రేకు కోసినప్పుడు, వెల్డింగ్ చేసినప్పుడు తీసిన ఫోటోలు అడగండి. మంచి పని చేసినవాడు వాటిని భద్రపరచుకుంటాడు, అడగకముందే చూపిస్తాడు. యాక్సిల్, బ్రేకుల రసీదులు లేకపోతే అవి మార్చలేదనే అనుకోండి.

సొంతదారు దగ్గర నేరుగా కొన్నప్పుడు, డీలర్ దగ్గర కొంటే ఉండే ముప్పై రోజుల తిరస్కరణ హక్కు ఉండదు. ‘ఉన్నది ఉన్నట్టుగా అమ్మాను’ అని నాకు వచ్చిన జవాబు అదే ధైర్యంతో వచ్చింది. కానీ లేనిది ఉన్నట్టు రాసి అమ్మితే 1967 నాటి మిస్‌రెప్రజెంటేషన్ (తప్పుడు మాటలతో ఒప్పందానికి ఒప్పించడం) చట్టం వర్తిస్తుంది. అదృష్టవశాత్తూ ప్రకటనను ఆ రోజే ఫోటో తీసి ఉంచాను, మా మధ్య నడిచిన సందేశాలూ ఉన్నాయి. బోర్ కొలతలతో మెకానిక్ ఇచ్చిన నివేదికను వాటికి జతచేసి గత నెలలో న్యాయవాది ద్వారా నోటీసు పంపాను. జవాబు ఇంకా రాలేదు. కారు మాత్రం హెడ్ తీసిన ఇంజన్‌తో షెడ్డులో ఉంది, నోటీసు వ్యవహారం తేలేదాకా దాని మీద ఒక్క స్పానర్ కూడా వేయవద్దని మెకానిక్‌తో చెప్పాను.