చిరునామా బయటపెట్టాలో వద్దో మన చేతిలో ఉంచే కీ సర్వర్

ఎన్‌క్రిప్ట్ చేసిన ఈమెయిల్ అందుకోవాలంటే మన పబ్లిక్ కీ (మనకు రాసేవారు సందేశాన్ని తాళం వేయడానికి వాడే కీ) అవతలివారికి దొరకాలి, కానీ దాన్ని దొరికేలా చేసే క్రమంలోనే మన పేరూ ఈమెయిల్ చిరునామా లోకానికి తెలిసిపోతుంటాయి. ఇలాంటి కీలను ఉంచి, వెతికి ఇచ్చే కీ సర్వర్లలో పాతవైన ఎస్‌కేఎస్ సర్వర్లలో ఎవరి కీనైనా ఎవరైనా చేర్చగలిగేవారు, చేరినదాన్ని తీసేసే దారి లేదు. 2019 జూన్‌లో మొదలైన కీస్.ఓపెన్‌పీజీపీ.ఆర్గ్ సేవ ఈ పద్ధతిని మూలం నుంచి మార్చింది, నేను దీన్ని మెచ్చుకునేది అందుకే.

ఇక్కడ కీని అప్‌లోడ్ చేస్తే మొదట గణిత సంబంధమైన భాగం మాత్రమే బయటకు కనిపిస్తుంది. కీలో ఉన్న ఒక్కో చిరునామాకు విడివిడిగా ధ్రువీకరణ మెయిల్ పంపించుకుని, అందులోని లింకు నొక్కితేనే ఆ చిరునామా కీతోపాటు ప్రచురితమవుతుంది. ఆఫీసు చిరునామాను ధ్రువీకరించి, సొంత చిరునామాను వదిలేయవచ్చు. తర్వాత మనసు మారితే తొలగించనూవచ్చు. పూర్తి చిరునామా గానీ, కీ ఫింగర్‌ప్రింట్ (కీని గుర్తుపట్టే అక్షరాల వరుస) గానీ, కీ ఐడీ గానీ తెలిసినవారికే వెతుకులాటలో ఫలితం వస్తుంది కనుక, పేరులో ముక్క కొట్టి చిరునామాలు ఏరుకునే వీలు లేదు. ఖాతా తెరవనక్కర్లేదు, రుసుమూ లేదు. అయితే చిరునామా తొలగించేలోపే కీని డౌన్‌లోడ్ చేసుకున్నవారి దగ్గరున్న ప్రతిని ఏ సర్వరూ వెనక్కి తేలేదు.

లోపం ఒకటి గట్టిగానే చెప్పాలి. చిరునామా ధ్రువీకరించని కీని, చాలామంది వాడే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ గ్నూపీజీ సాధారణంగా దిగుమతి చేసుకోదు. అంటే గోప్యత కోసం చిరునామా దాచుకున్నవారు కీని రద్దు చేసినా, ఆ కబురు ఇతరుల కంప్యూటర్లకు చేరకపోవచ్చు. భద్రతకు సంబంధించినంతవరకు ఇది చిన్న విషయం కాదు.

కీ ఎంపికకు వస్తే, కొత్తగా మొదలుపెట్టేవారికి ఈడీ25519 అనే కొత్త తరహా కీ చాలు, కీ పొట్టిగా ఉంటుంది. మరీ పాత సాఫ్ట్‌వేర్ వాడేవారితో ఉత్తరాలు నడపాల్సి వస్తే 3072 బిట్ల ఆర్‌ఎస్‌ఏ అనే పాత తరహా కీ మేలు. గడువు తేదీ పెట్టడం, రద్దు పత్రాన్ని (కీ ఇక చెల్లదని ప్రకటించే ఫైలును) విడిగా దాచుకోవడం అప్‌లోడ్‌కు ముందే జరగాలి.

ఈ సర్వర్ ధ్రువీకరించేది మెయిల్‌బాక్స్ ఎవరి చేతిలో ఉందన్నదే తప్ప, మనిషి ఎవరన్నది కాదు. ముఖ్యమైన సంగతులు రాసేముందు 40 అక్షరాల ఫింగర్‌ప్రింట్‌ను ఫోన్‌లోనో ఎదురుగానో చదివించుకుని సరిచూసుకోవడం తప్పనిసరి.