చవకగా దొరికే పాత పెర్ఫార్మెన్స్ కారు: బేరానికి ముందు రిపేరు ఎస్టిమేట్ అడగండి

పదిహేను, ఇరవై ఏళ్ల పెర్ఫార్మెన్స్ కారు మామూలు రేటుకన్నా బాగా తక్కువకు కనిపిస్తే, యజమాని చేతిలో ఇప్పటికే ఒక రిపేరు ఎస్టిమేట్ ఉందనే అనుకుని బయల్దేరండి. బాగు చేయించాలా, అమ్మేయాలా అని లెక్క వేసుకుని, అమ్మడమే మేలని తేల్చుకున్నాక పెట్టే ప్రకటనలు చాలానే ఉంటాయి. అలా తేల్చుకోవడంలో తప్పేమీ లేదు. ఆ కాగితం దాచేసి, కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్లు స్కానర్‌తో చెరిపేసి, ఇంజన్ తళతళలాడేలా కడిగించి 'ఏ ప్రాబ్లమూ లేదండీ' అని అంటగట్టడం మాత్రం మోసమే.

'ఎందుకు అమ్ముతున్నారు' అని అడిగి లాభం లేదు, దానికి జవాబు అందరి దగ్గరా సిద్ధంగానే ఉంటుంది. 'చివరిసారి మెకానిక్ ఏమేం చేయాలన్నాడు? ఆ ఎస్టిమేట్ చూపించండి' అని అడగండి.

ఈ కార్లతో చిక్కేమిటంటే, కారు ధర ఏటా పడిపోతుంది గానీ పార్టుల ధరలు, లేబర్ ఛార్జీలు పడవు. బీ6, బీ7 తరం ఆడి ఎస్4 సంగతే చూడండి. అందులోని 4.2 లీటర్ల వీ8కి టైమింగ్ చైన్లు (వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపే గొలుసులు) వెనకవైపు, గేర్‌బాక్స్ పక్కన ఉంటాయి. ఆ చైన్లను దారిలో ఉంచే గైడ్లు ప్లాస్టిక్‌వి, ఏళ్లు గడిచేకొద్దీ పెళుసుబారి విరుగుతాయి. మార్చాల్సింది చిన్న ముక్కలే అయినా, మామూలుగా ఇంజన్ మొత్తం దించితే తప్ప పని జరగదు. బిల్లులో సింహభాగం లేబరే. ఈ జబ్బు ముందుగా బయటపడేది చల్లటి స్టార్ట్‌లో, అంటే ఇంజన్ పూర్తిగా చల్లారాక తొలిసారి స్టార్ట్ చేసినప్పుడు: కొన్ని సెకన్లపాటు గలగలమని చప్పుడొచ్చి ఆగిపోతుంది. ఇంజన్ వేడెక్కాక వెళితే అది వినపడకపోవచ్చు. 'మీరొచ్చేలోపు బండి స్టార్ట్ చేసి ఉంచాను' అంటే అది మర్యాద అనుకోకండి. బానెట్ ఎత్తగానే వేడి తెలుస్తుంటే ఇంకో రోజు పొద్దున్నే వస్తామని చెప్పి వచ్చేయండి.

పోర్షేలో 996 తరం 911కి, 986 తరం బాక్స్‌టర్‌కి ఇంటర్మీడియట్ షాఫ్ట్ (క్రాంక్ తిప్పుడును టైమింగ్ చైన్లకు అందించే ఇరుసు) బేరింగ్ పేరుమోసిన బలహీనత. అందరూ ఐఎంఎస్ అంటారు. గేర్‌బాక్స్, క్లచ్ దించితేనే దానికి చెయ్యి అందుతుంది కాబట్టి, పని తెలిసిన మెకానిక్ క్లచ్ మార్చేటప్పుడే ఆ బేరింగ్‌నీ, క్రాంక్ వెనక ఆయిల్ సీల్‌నీ చూసేస్తాడు. ప్రకటనలో 'క్లచ్ కొత్తది' అని గొప్పగా రాసి, బిల్లులో ఐఎంఎస్ ఊసే లేదంటే యజమాని డబ్బు పెట్టడం ఎక్కడ ఆపేశాడో ఆ బిల్లే చెబుతుంది. 2006 తర్వాతి ఎం97 ఇంజన్లలో బేరింగ్ పెద్దది, గట్టిది కూడా. కానీ ఇంజన్ కేసు విప్పకుండా బయటికి రాదు. అలాంటి కారుకు క్లచ్‌తోపాటే ఐఎంఎస్ కూడా మార్చేశామని చెబితే, బిల్లు చూడందే నమ్మకండి.

స్కానర్ పెట్టినప్పుడు 'కోడ్లు లేవు' దగ్గర ఆగిపోవద్దు. కోడ్లు చెరిపితే రెడీనెస్ మానిటర్లు (కారు తనంతట తాను చేసుకునే పరీక్షల నమోదులు) కూడా మొదటికొస్తాయి. క్యాటలిస్ట్, ఈవాప్ (పెట్రోల్ ఆవిరి), ఆక్సిజన్ సెన్సర్ మానిటర్లు 'పూర్తి కాలేదు' అని చూపిస్తే ఈమధ్యే చెరిపారన్నా అనుకోవాలి, బ్యాటరీ వైరు తీశారన్నా అనుకోవాలి. బ్యాటరీ మార్చామంటే దాని మీద తేదీ చూడండి. కాస్త కొత్త కార్లలో కోడ్లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా స్కానర్‌లో కనిపిస్తుంది. ఆ అంకె ముప్పై, నలభై దగ్గరుంటే ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఆయిల్ విషయంలో చాలామంది బోల్తా పడతారు. అమ్మే ముందు ఆయిల్ మార్పించడం శ్రద్ధలాగే కనిపిస్తుంది. కానీ నిన్న పోసిన ఆయిల్‌ని ల్యాబ్‌కు పంపినా ఏమీ తేలదు. బీఎండబ్ల్యూ ఎం3లో ఎస్54, ఎస్65 ఇంజన్లకు కనెక్టింగ్ రాడ్ బేరింగులు అరుగుతాయి. వాడిన ఆయిల్‌లో సీసం, రాగి పెరగడం దానికి ఒక ముందస్తు సూచన. అందుకే పాత ల్యాబ్ రిపోర్టులు అడగండి. లేకపోతే తీసేసిన ఫిల్టర్ అయినా అడిగి, కోయించి, మడతల్లో లోహపు రజను ఉందేమో చూడండి. బేరింగులు ముందే మార్పిస్తే ఇంజన్ దించకుండా కిందనుంచే పని అవుతుంది. బేరింగ్ తన చోట నిలవకుండా తిరిగిపోయాక క్రాంక్ కూడా పోతుంది, ఇంక ఆ ఇంజన్ గురించి వేరే లెక్క వేసుకోవాలి. ఈ రెండింటికీ ఫ్యాక్టరీ చెప్పిన ఆయిల్ 10డబ్ల్యూ-60 కాబట్టి, వీటిలో చిక్కటి ఆయిల్ ఉంటే తప్పు పట్టక్కర్లేదు. 30 గ్రేడ్ పోయాల్సిన ఇంజన్‌లో 60 పోసి ఉంటే మాత్రం చప్పుడు కప్పిపుచ్చడానికేనని అనుమానించండి.

కంప్రెషన్ టెస్ట్ ఒక్కటే చాలదు, లీక్‌డౌన్ కూడా చేయించండి. సిలిండర్‌కు గాలి ఎక్కించినప్పుడు 20 శాతం మించి కారిపోతుంటే ఎటు పోతోందో వినాలి: థ్రాటిల్ దగ్గర బుస వస్తే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్ గొట్టంలో వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ మూత దగ్గరైతే పిస్టన్ రింగులు. కూలెంట్‌లో బుడగలు లేస్తే హెడ్ గాస్కెట్టో, హెడ్డులో పగులో.

ఈ46 తరం బీఎండబ్ల్యూ ఎం3 అయితే లిఫ్ట్ మీద ఎక్కించి, వెనక సబ్‌ఫ్రేమ్ (వెనక సస్పెన్షన్‌ను మోసే చట్రం) బిగించే చోట ఫ్లోర్ రేకు పగిలిందేమో చూడాలి. మిగతా అడుగంతా పాతగా ఉండి అక్కడ మాత్రమే అండర్‌కోటింగ్ తాజాగా నల్లగా కనిపిస్తే, దాన్ని గీకి చూపించమనండి.

ధర దగ్గరికొస్తే, అదే మోడల్ నిజంగా బాగున్న కారు రేటులోంచి ఎస్టిమేట్ మొత్తం తీసేయండి. విప్పాక బయటపడేవాటి కోసం ఆ ఎస్టిమేట్‌లో కనీసం పావు వంతు మొత్తాన్ని కూడా రేటులోంచి తీసేయండి. చక్రాలకు, సస్పెన్షన్‌కు యజమాని ఎంత తగలేశాడన్నది మీ లెక్కలోకి రాదు. సగం చేసి వదిలేసిన రిపేరు కన్నా, ఎస్టిమేట్ చేతిలో పెట్టి ఉన్నదున్నట్టు అమ్మే కారే నయం, ఎందుకంటే మిగిలిన పని ఎంతో అందులో తెలుస్తుంది. తనిఖీ ఖర్చు మీరే పెట్టుకుంటామన్నా యజమాని చల్లటి స్టార్ట్‌కీ, లీక్‌డౌన్‌కీ ఒప్పుకోకపోతే అడ్వాన్సు ఇవ్వొద్దు, 'వేరేవాళ్లు రెడీగా ఉన్నారు' అని తొందరపెట్టినా సరే.