ఓబ్రా డిన్, గోల్డెన్ ఐడల్, హర్ స్టోరీ: బుర్రకు నిజంగా పని పెట్టేది ఏది?

డిటెక్టివ్ గేమ్ అని పేరు పెట్టుకుని వచ్చేవాటిలో చాలావరకు డిటెక్టివ్ మనం కాదు. తెర మీద మెరిసే వస్తువు మీద నొక్కితే "ఆధారం దొరికింది" అంటుంది. అన్నీ నొక్కడం అయ్యాక అందులోని హీరో తనే ఆలోచించి హంతకుడెవరో తేల్చేస్తాడు. వెతుకులాట మనది, తెలివి వాడిది. చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపు నుంచి డిటెక్టివ్ నవల తెచ్చుకుని, చివరి పది పేజీలకు రబ్బరు బ్యాండు వేసి, హంతకుడి పేరు ముందే చీటీ మీద రాసుకుని చదివినవాళ్లకు ఇది ఎక్కడ సరిపోతుంది?

ఆ చీటీ రాసే పని మనకే వదిలేసే గేములు కొన్ని ఉన్నాయి. వాటిలో మూడింటి గురించి ఆడినవాళ్లు ఎప్పుడూ వాదించుకుంటూనే ఉంటారు. 2018లో వచ్చిన రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్, 2022లో వచ్చిన ది కేస్ ఆఫ్ ది గోల్డెన్ ఐడల్, 2015లో వచ్చిన హర్ స్టోరీ. మూడూ కంప్యూటర్ మీద పూర్తిచేశాను. రెండు మా వదినతో కలిసి ఆడాను. కథల గుట్టు ఎక్కడా విప్పను, ఒక్క చిన్న ఉదాహరణ తప్ప. అది వచ్చే ముందు చెబుతాను.

బొమ్మలు, సంగీతం, కథ అన్నీ ముఖ్యమే కానీ నేను వీటిని కొలిచేది ఒక్క విషయంతో. మన జవాబు కరెక్టో కాదో గేమ్ ఎప్పుడు, ఎలా చెబుతుంది? పెట్టిన ప్రతి జవాబుకూ వెంటనే అవునో కాదో చెప్పేస్తే, బిట్ పేపర్లో ఎ, బి, సి, డి వరసగా పెట్టి చూసినట్టు పెట్టుకుంటూ పోవచ్చు. అసలు చెప్పకపోతే, తేలిందో లేదో తెలియక మనసు పీకుతూనే ఉంటుంది. మధ్యలో ఎక్కడ ఆగాలన్నదే కష్టం. ఈ మూడు గేములూ మూడు చోట్ల ఆగాయి.

ముందు ఓబ్రా డిన్. కాలం 1807. అయిదేళ్ల కిందట లండన్‌లో బయల్దేరి, ఆ మరుసటి ఏడు జాడ తెలియకుండా పోయిన ఓడ ఒకటి ఇంగ్లండ్‌లోని ఫాల్మత్ రేవుకు తనంతట తనే కొట్టుకొస్తుంది. లోపల ప్రాణంతో ఒక్కరూ లేరు. మనం ఈస్ట్ ఇండియా కంపెనీ తరఫున నష్టం లెక్క రాయడానికి వెళ్లిన ఇన్సూరెన్స్ ఇన్‌స్పెక్టర్. చేతిలో రెండే ఉంటాయి: ఒక పుస్తకం, ఒక జేబు గడియారం. శవం దగ్గర నిలబడి గడియారం తెరిస్తే, ఆ మనిషి చివరి క్షణాల మాటలు చీకట్లో వినిపిస్తాయి. తర్వాత ప్రాణం పోయిన క్షణం కళ్ల ముందు గడ్డకట్టి నిలుస్తుంది. తుపాకీ పొగ గాలిలో, అల తెడ్డు మీద, అరుపు నోట్లో ఆగిపోయి ఉంటాయి. దాని చుట్టూ తిరిగి చూడాలి. ఓడలో ఉన్నవాళ్లు మొత్తం 60 మంది. ఒక్కొక్కరి పేరేమిటి, ఏమయ్యారు, చంపింది ఎవరు అని పుస్తకంలో నింపాలి.

గేమ్ మనకిచ్చే సాయం ఒక జాబితా, ఓడ పటం, అందరి ముఖాలున్న చిత్రాలు. జాబితాలో పేరు, చేసే పని, ఏ దేశం అన్నవి ఉంటాయి. ఆ పేరు ఏ ముఖానిదో ఎవరూ చెప్పరు. ఎవరి యాస ఎలా ఉంది, ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారు, ఎవరి చేతికి పచ్చబొట్టు ఉంది, ఎవరు ఏ బట్టలేసుకున్నారు అని పట్టుకోవాలి. ఆ జాబితాలో మన దేశపు నావికులు కూడా కనిపిస్తారు. యూరప్ ఓడల మీద పనిచేసిన ఆసియా నావికులను ఆ రోజుల్లో లస్కర్లు అనేవారు. మన దగ్గర నీటిపారుదల శాఖలో కాలవ తూములు చూసుకునేవాళ్లకు ఆ మాటే నిలిచిపోయింది. 1611లోనే మచిలీపట్నంలో దిగి వ్యాపారం పెట్టిన కంపెనీ ఇదే కాబట్టి, ఆ జాబితాలో ఎవరి పేరు దగ్గర ఏం గతి రాస్తున్నామో చూస్తుంటే నాకు మామూలు పజిల్‌లా అనిపించలేదు.

ఇక జవాబు సరిచూసే పద్ధతి. ఒక్కరి వివరం సరిగ్గా రాసినా గేమ్ పలకదు. ముగ్గురివి పూర్తిగా సరిపోయాకే ఆ మూడింటినీ అచ్చు వేసి ఖాయం చేస్తుంది. దీన్ని తయారుచేసిన లూకస్ పోప్ చేసిన అతి గొప్ప పని ఇదేనని నా నమ్మకం. గుడ్డిగా పెట్టాలంటే ఒకేసారి ముగ్గురికీ పేరు, గతి, కారకుడు కలవాలి, అది అయ్యే పని కాదు. అలాగని పూర్తిగా చీకట్లోనూ ఉంచదు. ఇద్దరి మీద గట్టి నమ్మకం ఉండి, మూడో మనిషి మీద రెండు పేర్ల మధ్య ఊగుతుంటే, ఆ రెండూ పెట్టి చూడొచ్చు. అంటే ఇక్కడ ఊహకు చోటు ఉంది, కాకపోతే ముందు ఇద్దరిని నిజంగా సాధించి ఆ చోటు సంపాదించుకోవాలి.

ఇప్పుడు ఉదాహరణ. ఏమీ తెలియకుండా ఆడదలిస్తే ఈ పేరా వదిలేయండి. ఒక దృశ్యంలో నావికులు గుడ్డ ఉయ్యాల పడకల్లో పడుకుని ఉంటారు. దాని చుట్టూ నాలుగుసార్లు తిరిగాను, చనిపోయినవాడినే చూశాను. మా వదినది ఓచర్లు, రిజిస్టర్లు సరిచూసే ఉద్యోగం. పక్కన కూర్చుని టీ తాగుతూ, "ఆ పడకలకు నంబర్లున్నాయి చూడు, జాబితాలో కూడా వరస నంబర్లు ఉన్నాయి కదా" అంది. నాలుగు రోజులుగా పేరు లేని ముఖాలు ఒక్కసారిగా మనుషులయ్యాయి. గేమ్ అక్కడ ఏదీ మెరిపించలేదు, బాణం గుర్తు పెట్టలేదు. నంబర్లు మొదటి నుంచీ మా ఎదురుగానే ఉన్నాయి.

దీని మీద ఫిర్యాదులు లేకపోలేదు, వాటిలో కొన్ని నిజమే. ఒక జ్ఞాపకాన్ని మళ్లీ చూడాలంటే ఓడలో ఆ శవం ఉన్న చోటికి నడిచి వెళ్లాలి. పుస్తకంలో పేజీ మీద నొక్కి నేరుగా వెళ్లే వీలుంటే సగం విసుగు తగ్గేది. మొదటిసారి చూస్తున్నప్పుడు గేమే దృశ్యాన్ని ముగించి పుస్తకం తెరిచేయడం కూడా చాలామందికి చిరాకు. బొమ్మలు పాత మాకింటోష్ కంప్యూటర్ల పద్ధతిలో, రెండే రంగుల్లో, చుక్కలు చుక్కలుగా ఉంటాయి. నాకు ఆ అందం ముందు మిగతావి నిలబడవు, 2018 గేమ్ అవార్డుల్లో కళాదర్శకత్వానికి బహుమతి కూడా వచ్చింది. కానీ గంటసేపు ఆడితే కళ్లు లాగుతున్నాయని, తల తిరుగుతోందని చెప్పినవాళ్లను తప్పుపట్టలేను. మా వదినకూ అలాగే అయింది. సెట్టింగ్స్‌లో రంగుల జతలు కొన్ని ఉన్నాయి, అవి మార్చుకుంటే కాస్త నయం.

గోల్డెన్ ఐడల్ దారి వేరు. లాత్వియా దేశానికి చెందిన అన్నదమ్ములు ఇద్దరు కలర్ గ్రే గేమ్స్ పేరుతో చేసిన గేమ్ ఇది. 18వ శతాబ్దం, ఒక బంగారు విగ్రహం, దాని చుట్టూ నలభై ఏళ్లకు పైగా సాగే 12 చావులు. ఇక్కడా ప్రతి దృశ్యం ఆగిపోయిన క్షణమే, కానీ నడక లేదు. బొమ్మ మీద నొక్కి జేబులు వెతకాలి, ఉత్తరాలు చదవాలి. దొరికిన పేర్లు, క్రియలు, వస్తువులు మాటలుగా కింద పోగవుతాయి. ఆ మాటలతో "ఫలానావాడు ఫలానా చోట ఫలానా దాని కోసం..." అనే ఖాళీలున్న కథనం పూరించాలి.

ఖాళీలు పూరింపుము అంటే మనకు స్కూల్లోనే అలవాటు. అందుకే ఎప్పుడూ గేములు ఆడనివాళ్లు కూడా దీంట్లోకి పది నిమిషాల్లో దిగిపోతారు. ఓబ్రా డిన్‌లో మొదటి రెండు గంటలు ఏం చెయ్యాలో తెలియక ఆపేసినవాళ్లు నాకు ముగ్గురు తెలుసు. గోల్డెన్ ఐడల్ మధ్యలో వదిలేసినవాళ్లు ఒక్కరూ తెలియదు. మొదటి కేసు అయిదు నిమిషాల్లో అయిపోతుంది. చివరికొచ్చేసరికి ఒక ఇంటి నిండా మనుషులు, వాళ్ల పాత అప్పులు, దాచిన పేర్లు అన్నీ కాగితం మీద రాసుకోకుండా తెమలవు. పన్నెండు కేసుల వెనక ఒకే కథ ఉందని మెల్లగా అర్థమవుతుంటే కలిగే ఆనందం ఓబ్రా డిన్‌కు ఏమాత్రం తీసిపోదు.

కానీ సరిచూసే పద్ధతి దగ్గర నా మొగ్గు తగ్గుతుంది. ఖాళీలన్నీ నింపాక తప్పులు రెండో అంతకన్నా తక్కువో ఉంటే గేమ్ ఆ సంగతి చెబుతుంది. ఆ మాట వచ్చిందంటే ఆలోచన ఆగిపోతుంది. రెండు పేర్లు అటూఇటూ మార్చి చూస్తే చాలు, కేసు తేలిపోతుంది. ఇది మోసం కాదని, దయ అని కొందరి వాదన. ఉద్యోగం నుంచి వచ్చి రాత్రి గంటసేపు ఆడేవాళ్లకు ఒక్క ఖాళీ దగ్గర మూడు రోజులు ఆగిపోవడం ఏం సుఖం అంటారు. వాళ్ల మాటను కొట్టిపారేయలేను. కానీ నాకు రెండు కేసులు అలా తేలాయి. ఎందుకు తేలాయో తర్వాత వెనక్కి వెళ్లి వెతుక్కోవాల్సి వచ్చింది. జవాబు ముందు వచ్చి కారణం తర్వాత వస్తే ఆ సంతోషం సగమే. ఇంకో సంగతి, మాటల పోగులో ఉన్న పేరు చూస్తేనే "ఓహో, ఇది కూడా కథలో ఉందన్నమాట" అని తెలిసిపోతుంది. ఓబ్రా డిన్ అంత ముందుగా ఏదీ చేతికివ్వదు.

2023లో దీనికి రెండు చిన్న అదనపు భాగాలు వచ్చాయి, వాటిలో ఒకటి లంక అనే రాజ్యంలో జరుగుతుంది. 2024లో వచ్చిన రెండో గేమ్ 1970ల కాలానికి మారింది. మొదటిది నచ్చితే రెండోదీ నచ్చుతుంది.

హర్ స్టోరీని ఈ రెండింటి పక్కన పెట్టడమే సరికాదనేవాళ్లు ఉన్నారు. శామ్ బార్లో చేసిన ఈ గేమ్‌లో నడిచే ఓడ లేదు, నింపే ఖాళీ లేదు. పాతకాలం పోలీసు కంప్యూటర్, వెతికే పెట్టె ఒకటి. భర్త కనిపించడం లేదని వచ్చిన ఒక స్త్రీని 1994లో పోలీసులు ఏడుసార్లు విచారించారు. ఆ వీడియోలు 271 ముక్కలై ఉన్నాయి. పోలీసులు అడిగిన ప్రశ్నలు మనకు వినిపించవు, ఆమె జవాబులే వినిపిస్తాయి. మనం ఏదో ఒక మాట టైప్ చేస్తే, ఆ మాట ఆమె నోట వచ్చిన వీడియోల్లో మొదటి అయిదు మాత్రమే చూడనిస్తుంది. ఆరోది చూడాలంటే ఇంకో మాట ఆలోచించాలి. ఆమె మాటల్లో దొర్లిన ఒక పేరు, ఒక ఊరు, ఒక వస్తువు పట్టుకుని మళ్లీ వెతకాలి. ఆ స్త్రీగా నటించిన వీవా సీఫర్ట్ ముఖం చదవడమే సగం గేమ్.

ఇక్కడ కరెక్టో కాదో ఎవరూ చెప్పరు. చాలినన్ని వీడియోలు చూశాక "ఇక చాలా?" అని అడుగుతుంది, అంతే. దీని మీద ఆడినవాళ్లు రెండుగా చీలిపోయారు. నిజమైన విచారణలో చివరి పేజీ ఉండదు కాబట్టి ఇదే అసలైన డిటెక్టివ్ గేమ్ అని ఒకరు. తేల్చకుండా వదిలేస్తే పజిల్ ఎలా అవుతుందని ఇంకొకరు. నేను రెండో వైపు. అదృష్టం కొద్దీ మూడో మాటకే కీలకమైన వీడియో బయటపడితే కథ అక్కడే చప్పబడుతుంది. నాకు అలాగే జరిగింది, ఆ తర్వాతి గంటన్నర తెలిసిన సంగతే మళ్లీ విన్నట్టుంది. అయితే వదిన వేరే మాటలతో మొదలుపెట్టింది. ఆమెకు అదే వీడియో చివర్లో దొరికింది, ఆ రాత్రి నిద్రపోలేదు. ఒకే గేమ్ ఇద్దరికి ఇంత వేరుగా రావడం గొప్పే, కానీ ఎవరికి ఏది వస్తుందో చెప్పలేం.

ఇంగ్లీషు సంగతి కూడా చూసుకోవాలి. మూడింటిలో ఏదీ తెలుగులో లేదు. హర్ స్టోరీకి వినడం, టైప్ చెయ్యడం రెండూ రావాలి. సబ్‌టైటిల్స్ ఉన్నా, మాటలో చిన్న తేడా పట్టుకోవడమే ఇక్కడ పజిల్. ఓబ్రా డిన్‌లో మాటలు తక్కువ, అవి తెర మీద రాతలోనూ వస్తాయి. కానీ యాసలు ఆధారాలు, స్కాట్లాండ్ మాటకూ ఐర్లాండ్ మాటకూ తేడా మన చెవికి అంత తేలిగ్గా అందదు. అలాంటి చోట్ల బట్టలు, స్నేహాలు చూసి వేరే దారిలో వెళ్లాలి. గోల్డెన్ ఐడల్‌లో చదవడమే ఎక్కువ, తీరిగ్గా చదువుకోవచ్చు. ఈ లెక్కలో అదే సులువు.

మరి ఏది మేలు? నా వరకు ఓబ్రా డిన్, అనుమానం లేదు. మూడు మూడుగా ఖాయం చేసే ఆ ఒక్క నియమం వల్ల, అచ్చు పడిన ప్రతి పేరూ నేను సంపాదించింది అనిపించింది. అయితే కొత్తవాళ్ల చేతిలో మొదట పెట్టేది గోల్డెన్ ఐడల్ మాత్రమే. ఆగిపోయిన దృశ్యాన్ని ఎలా చదవాలో అది నేర్పుతుంది, ఆ చూపుతో ఓడెక్కితే ఆ మొదటి రెండు గంటల అయోమయం ఉండదు. హర్ స్టోరీ ఇద్దరుండి, ఒక సాయంత్రం ఖాళీ దొరికినప్పుడు. ఒకరు టైప్ చేస్తే ఇంకొకరు నోటు పుస్తకం పట్టుకోవాలి.

ఏదైనా ఒక్కసారే ఆడగలం. జవాబు తెలిశాక మళ్లీ ఆడటానికి ఏమీ మిగలదు. అందుకే ఎంత ఆగిపోయినా నెట్‌లో జవాబు వెతకొద్దు, రెండు రోజులు పక్కన పెట్టండి. వదిన ఇప్పుడు రెండో గోల్డెన్ ఐడల్ ఆడుతోంది. నేను అప్పటికే పూర్తిచేశానని తెలిసి ఒక కాగితం ఇచ్చి, "నీకు తెలిసింది దీని మీద రాసి మడిచి నా దగ్గరే పెట్టు, నా కేసు అయ్యాక విప్పుతాను" అంది. అది ఇంకా ఆమె డ్రాయర్లోనే ఉంది.