మనవడి బడి భాష కోసం అమలాపురం నుంచి వెల్ష్ పాఠాలు: నాలుగు నెలల అనుభవం

మా అమ్మాయి బ్రిటన్‌లోని వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో నర్సు. మనవడికి ఆరేళ్లు, వేల్స్ సొంత భాష వెల్ష్ మీడియం బడిలో చదువుతున్నాడు. అక్కడ చిన్న తరగతుల్లో పాఠమైనా ఆటైనా అంతా వెల్ష్‌లోనే. ఇంగ్లిష్ పాఠాలు మామూలుగా ఏడేళ్లు వచ్చాక మొదలుపెడతారు. పోయిన ఆగస్టులో, గోదావరికి వరదొచ్చిన రోజుల్లో, వాడు మా అరుగు మీద కూర్చుని తన బొమ్మలతో ఆ భాషలోనే కబుర్లు చెబుతున్నాడు. పక్కనే కూర్చున్నా నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పినదాన్ని. మనవడు ఆడుకునే భాష నాకు తెలియదంటే మనసు ఒప్పుకోలేదు. వాళ్లు వెళ్లిన వారంలోనే వేల్స్ జాతీయ వెల్ష్ అభ్యాస కేంద్రం ఆన్‌లైన్ కోర్సులో చేరాను.

కోర్సు ఉచితం. రాత్రి భోజనాలయ్యాక ఫోన్‌లో అరగంట చేస్తాను. కరెంటు పోయినా, వానకి సిగ్నల్ తగ్గినా, ఆపిన చోటు నుంచి మర్నాడు అందుకుంటాను. మాట వినిపిస్తుంది, మనం పలకాలి, తర్వాత జవాబులు నొక్కాలి. వివరణలన్నీ ఇంగ్లిష్‌లో ఉంటాయి కాబట్టి ఇంగ్లిష్ చదవడం రాని అమ్మమ్మల పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి.

చేరే ముందు ఒక్కటి తెలుసుకోండి. ఉత్తర వేల్స్ మాట వేరు, దక్షిణ వేల్స్ మాట వేరు. కోర్సులో ఏదో ఒకటి ఎంచుకోవాలి. నేను తెలియక ఉత్తరం నొక్కాను. రెండు వారాలు కష్టపడి అమ్మమ్మని 'నైన్' అంటారని నేర్చుకుని వీడియో కాల్‌లో చెబితే, వాడు "కాదు, మామ్-గీ" అన్నాడు. కార్డిఫ్ దక్షిణాన ఉంది. మళ్లీ మొదటి నుంచి చేశాను. పిల్లలు ఏ ఊళ్లో ఉన్నారో చూసుకుని ఎంచుకోండి.

నాకు బాగా నచ్చింది వ్యాకరణం. వెల్ష్‌లో మాట మొదటి అక్షరం, ముందున్న మాటని బట్టి మారిపోతుంది. పిల్లి 'కాథ్'. 'ఆ పిల్లి' అనాలంటే 'అ గాథ్'. వంతెన 'పొంట్', ఆ వంతెన 'అ బొంట్'. నాన్న 'టాడ్', నీ నాన్న 'డ డాడ్'. క గ అయింది, ప బ అయింది, ట డ అయింది. పరుషాలకు సరళాలు! బోర్డు మీద 'పూచెనుఁ గలువలు' అని రాసి పిల్లలకి ఏటా చెప్పిన సరళాదేశ సంధి ఇదే కదా. చాలామంది నేర్చుకునేవాళ్లు ఇక్కడే భయపడతారట. కూరగాయలు, తల్లిదండ్రులు అని రోజూ అనే మనకి ఏం భయం? గ మాత్రం ఏకంగా ఎగిరిపోతుంది. తోట 'గార్ద్', ఆ తోట 'అర్ ఆర్ద్'. నిఘంటువులో అ కింద వెతికితే దొరకదు. నువ్వు, మీరు తేడా కూడా ఉంది: 'టీ', 'ఖీ'. ఇంగ్లిష్‌లో లేని మర్యాద అక్కడ కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది.

ఇంత ఓపికగా తయారుచేసిన పాఠాలు ఉచితంగా ఎలా ఇస్తున్నారని అమ్మాయిని అడిగాను. అక్కడి ప్రభుత్వమే డబ్బు పెడుతోంది. 2016లో ఈ కేంద్రం మొదలైంది. 2021 జనాభా లెక్కల్లో వెల్ష్ వచ్చినవాళ్లు సుమారు 5,38,000 మంది, మూడేళ్లు, ఆపైన వయసున్నవాళ్లలో 17.8 శాతం. పదేళ్ల ముందు 19 శాతం ఉండేది. 2050కి పది లక్షల మంది మాట్లాడాలని లక్ష్యం పెట్టుకున్నారు.

ఈ పని ఒక పార్టీది కాదు. 1988 విద్యా చట్టంతో వెల్ష్‌ని బడి చదువులో చేర్చింది లండన్‌లోని కన్సర్వేటివ్ ప్రభుత్వం. 2021లో వేల్స్‌లో అధికారంలో ఉన్న లేబర్, వేల్స్ జాతీయవాద పార్టీ ప్లైడ్ కమ్రీ సహకార ఒప్పందం చేసుకున్నాయి. వెల్ష్ విద్యా చట్టం తేవాలన్నది అందులో ఒక మాట. 2024 మేలో ఆ ఒప్పందం తెగిపోయింది. అయినా రెండు నెలల్లోనే బిల్లు వేల్స్ చట్టసభ ముందుకి వచ్చింది. 2025 మేలో ఏకగ్రీవంగా గెలిచింది. పొత్తు పోయినా పిల్లల చదువుకి ఇచ్చిన మాట పోలేదు. నేను దీన్ని మూడుసార్లు చదివాను. ఇప్పుడు పెద్దవాళ్లకి పాఠాలు చెప్పే పనిని ఒక జాతీయ సంస్థగా నిలబెట్టడం కూడా ఆ చట్టంలో ఉంది.

ఒకప్పుడు అక్కడ బడిలో వెల్ష్ మాట్లాడిన పిల్లాడి మెడలో చెక్క ముక్క వేలాడదీసేవారు. 'వెల్ష్ నాట్' అనేవారు దాన్ని. మా వీధి పిల్ల ఒకతి, చదివే బడిలో తెలుగు మాట్లాడినందుకు ఫైన్ కట్టాలని ఇరవై రూపాయలు అడుగుతూ ఏడ్చింది. ఆ ఏడుపు నాకింకా గుర్తుంది. మన రాష్ట్రంలో 2019లో ప్రభుత్వ బడులన్నిటినీ ఇంగ్లిష్ మీడియం చేయాలని జీవో వచ్చింది, 2020లో హైకోర్టు కొట్టేసింది. ఆ మధ్య కాలమంతా పార్టీలు తిట్టుకోవడమే విన్నాను. బడిలో తెలుగు ఎంత ఉండాలో అందరూ ఒకచోట కూర్చుని తేల్చుకుంటే చూడాలని నాకు ఎంతో ఆశ.

మార్కులు వేయమంటే, పదికి తొమ్మిది. ఆ ఒక్కటీ తగ్గించింది నా నాలుకకి ఇంకా లొంగని 'ఎల్-ఎల్' శబ్దం కోసం. ల పలికే చోట నాలుక పెట్టి, గొంతు కదపకుండా పక్కల నుంచి గాలి వదలాలి. నిన్న వీడియో కాల్‌లో 'లనెల్లి' ఊరు పేరు పదిసార్లు పలికించాడు మావాడు. "నాలుక కదపొద్దు అమ్మమ్మా, గాలి వదులు, గాలి" అని తన నోరు ఫోన్‌కి ఆనించి చూపించాడు.